మూసీకి అటూ ఇటూ: పాతబస్తీ ఒకప్పుడు కొత్త సిటీ

మొదలుపెట్టేముందు ఒక చిన్న పని. ఫోన్ ఎలాగూ మీ చేతిలోనే ఉంది కాబట్టి మ్యాప్ తీసి హైదరాబాద్ అని కొట్టండి. ఊరి మధ్యలోంచి పడమర నుంచి తూర్పుకి వంకరటింకరగా ఒక సన్నటి గీత పోతుంది చూడండి. అదే మూసీ నది. దానికి కింద, అంటే దక్షిణాన, చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, ఫలక్‌నుమా. దానికి పైన, అంటే ఉత్తరాన, కోఠి, అబిడ్స్, నాంపల్లి, ఇంకా పైకి వెళ్తే హుస్సేన్ సాగర్, సికింద్రాబాద్. ఈ మ్యాప్ అలా తెరిచే ఉంచండి, మళ్ళీ మళ్ళీ అవసరం పడుతుంది.

మాది చేబ్రోలు. బ్రహ్మ గుడి ఉన్న ఊరు. మాకు ఊరి మధ్యలో నది లేదు. పక్కనున్న తెనాలిలో మాత్రం మూడు కాలవలు ఊళ్ళోంచే పోతాయి. అందుకే దానికి ఆంధ్రా ప్యారిస్ అని పేరొచ్చిందని మా పెద్దవాళ్ళు చెప్తారు. అసలు ప్యారిస్‌లోనూ అంతే, సెయిన్ నదికి ఒక ఒడ్డున విశ్వవిద్యాలయం, చదువులు, పుస్తకాల కొట్లు. రెండో ఒడ్డున రాజుగారి కోట, బజార్లు, డబ్బు. నీళ్ళకి అటొక పద్ధతి, ఇటొక పద్ధతి ఉండటం ప్రపంచంలో చాలా ఊళ్ళకి మామూలే.

మరి తెనాలి వదిలిపెట్టి హైదరాబాద్ ఎందుకు ఎత్తుకున్నానంటే, మన చేబ్రోలు, తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి కోచింగ్‌కో ఉద్యోగానికో అక్కడికి వెళ్ళే ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ మొదటి వారంలోనే ఒక సలహా దొరుకుతుంది. "ఓల్డ్ సిటీ వైపు రూమ్ తీసుకోకు." ఎందుకు అని అడిగితే, "అటు వేరేలే" అంటారు. అంతే. ఆ సలహా ఇచ్చినవాడు చాలాసార్లు అటు ఒక్కరోజు కూడా ఉండి ఉండడు. బిర్యానీ తిని, గాజులు కొని, ఫోటో దిగి వచ్చేసి ఉంటాడు. ఈ రోజు మాట్లాడుకునేది ఆ "వేరే" అనే మాట గురించి. ఆ తేడా ఎప్పుడు మొదలైంది? ఎవరు మొదలుపెట్టారు? అది మనుషుల్లో ఉందా, ఇంకెక్కడైనా ఉందా?

ముందు ఏ ఒడ్డు పాతది?

మ్యాప్‌లో ఎడమపక్కకి జరపండి. గోల్కొండ కోట కనపడుతుంది. అది మూసీకి ఏ వైపు ఉంది? ఉత్తరాన. చార్మినార్ లేనప్పుడు ఊరంటే గోల్కొండే. కోట లోపల సుల్తాను, కోట బయట కార్వాన్ అనే వ్యాపారుల పేట, అక్కడ వజ్రాల బేరాలు. అంటే అప్పటి పాత ఊరు ఉత్తరపు ఒడ్డున ఉంది.

1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా మూసీ మీద ఒక వంతెన కట్టించాడు. ఇప్పుడు పురానాపూల్ అంటున్నది దాన్నే. పదమూడేళ్ళ తర్వాత, 1591లో, ఆయన కొడుకు మహమ్మద్ కులీ నది దాటి అవతల ఖాళీ నేల మీద కొత్త ఊరు వేశాడు. మధ్యలో చార్మినార్, దాని దగ్గర కలుసుకునే నాలుగు రోడ్లు, బజార్లు, తోటలు, దారుల్ షిఫా అనే ఆసుపత్రి. గోల్కొండ నుంచి మన మచిలీపట్నం రేవుకి పోయే సరుకుల దారి కూడా అటువైపు నుంచే.

ఇప్పుడు ఆలోచించండి. కోట ఇరుకైపోయింది, జనం పెరిగారు, పాలించేవాళ్ళు నదికి అవతల ఖాళీ స్థలం చూసి ప్లాన్ వేసి కొత్త ఊరు కట్టారు. 1591లో చార్మినార్ అంటే ఇప్పటి హైటెక్ సిటీ లాంటిది అన్నమాట. మనం ఈ రోజు పాతబస్తీ అంటున్నది, పుట్టినప్పుడు నదికి కొత్త వైపు. ఒడ్డుకి పాతదనం పుట్టుకతో రాదు. అది తర్వాత అంటుకునే పేరు.

గోడ

1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. తర్వాత 1724 ప్రాంతంలో ముబారిజ్ ఖాన్ అనే సుబేదారు దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరి చుట్టూ రాతి గోడ మొదలుపెట్టాడు. అతన్ని యుద్ధంలో ఓడించిన నిజాం-ఉల్-ముల్క్ ఆ గోడని పూర్తి చేయించాడు. చాలా దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి రెండు, పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. మిగతావి పేర్లలో బతుకుతున్నాయి.

గోడ వచ్చాక "లోపల", "బయట" అనే లెక్క మొదలైంది. లోపల నిజాం, ఆయన సర్దారులు. ఒక్కో సర్దారుకి ఒక్కో దేవిడీ, అంటే మన భాషలో పెద్ద కోటలాంటి లోగిలి. ఒక్క దేవిడీ చుట్టూ ఎంతమంది బతికేవారో చూడండి. కాపలావాళ్ళు, గుర్రాలవాళ్ళు, వంటవాళ్ళు, లెక్కలు రాసే కాయస్థులు, ఖత్రీలు, బట్టలు కుట్టేవాళ్ళు, జరీ పనివాళ్ళు, అత్తరు అమ్మేవాళ్ళు, హకీములు, కవులు. లాడ్ బజార్ గాజులు కొన్నది ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళే. అందులో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఇప్పటికీ లాల్ దర్వాజా బోనాలు చూడాలంటే జనం నదికి అటువైపే వెళ్తారు.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఈ ఒడ్డు బతుకంతా దేవిడీ మీద ఆధారపడింది. జాగీరు పల్లెల నుంచి శిస్తు దేవిడీకి వస్తుంది, దేవిడీ నుంచి జీతాలుగా, కొనుగోళ్ళుగా వీధిలోకి వస్తుంది. ఆ పై చెయ్యి ఉన్నంతకాలం వీధి కళకళలాడుతుంది.

ఒక ఊళ్ళో రెండు చట్టాలు

ఇప్పుడు మన గుంటూరు కథ కొంచెం కలుస్తుంది. చాలామందికి తెలియదు గానీ, మన గుంటూరు సర్కారు 1788 దాకా నిజాం చేతిలోనే ఉండేది. ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాడు. పదేళ్ళకి, 1798లో, నిజాం అలీ ఖాన్ కంపెనీతో ఇంకో ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హైదరాబాద్‌లోనే ఉంటుంది, దాని ఖర్చు నిజాం పెట్టుకుంటాడు.

ఆ కంపెనీ తరఫు మనిషిని రెసిడెంట్ అంటారు. అప్పటి రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నిసాని పెళ్ళి చేసుకున్నది ఈయనే. 1803 నుంచి నది ఉత్తరపు ఒడ్డున, గోడకి ఎదురుగా, స్తంభాలతో పెద్ద భవనం కట్టించాడు. కోఠి మహిళా కళాశాల అని మీరు విన్న భవనం అదే. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. 1806లో ఇంకా ఉత్తరాన, హుస్సేన్ సాగర్ అవతల, కంపెనీ సైన్యం ఉన్న చోటుకి సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది.

మరి రెసిడెన్సీ చుట్టూ ఏం పుట్టింది? బజారు. దాన్ని రెసిడెన్సీ బజార్లు అనేవారు, ఇప్పటి సుల్తాన్ బజార్ అదే. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ బజార్లలో నిజాం పోలీసుల చెయ్యి నడవదు. అక్కడ మాట రెసిడెంట్‌ది. అంటే నది ఈ ఒడ్డున ఒక చట్టం, ఆ ఒడ్డున ఇంకో చట్టం.

చట్టం మారితే ముందు కదిలేది డబ్బు. నిజాం సర్కారుకి అప్పులిచ్చే సాహుకార్లకి ఏం భయం? సర్కారు వాళ్ళు అప్పు ఎగ్గొట్టి, పైగా తమ మీదే పడితే? కాబట్టి కొట్టు రెసిడెంట్ నీడలో పెట్టుకోవటమే మంచిది. పామర్ కంపెనీ అనే ఒక వడ్డీ సంస్థ అక్కడ కూర్చునే నిజాం సర్కారుకి పెద్ద వడ్డీలకి అప్పులిచ్చి సర్కారుని ఊపిరాడకుండా చేసింది. ఇలా అప్పు తీసుకునే ఒడ్డు ఒకటి, అప్పిచ్చే ఒడ్డు ఒకటి అయ్యాయి. గుణాల తేడా అని మనం అనుకునేదానికి పునాది ఇక్కడ పడింది.

ఈ కోపం ఒకరోజు బయటపడింది. 1857 జూలై 17. ఉత్తర భారతంలో తిరుగుబాటు నడుస్తోంది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో కొన్ని వందల మంది రోహిల్లాలు, ఊరి జనం నది దాటి వచ్చి రెసిడెన్సీ మీద పడ్డారు. రెసిడెన్సీ పక్కనున్న సాహుకార్ల మేడల్లో చేరి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రెబాజ్ ఖాన్‌ని తర్వాత పట్టుకుని చంపి, శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. అలావుద్దీన్‌ని అండమాన్ పంపేశారు. కోఠి సెంటర్లో మీరు బస్సు కోసం నిలబడే చోట ఇదంతా జరిగింది.

పుస్తకాలు అటెందుకు చేరాయి

రెండు చట్టాలు ఉన్న ఊళ్ళో డబ్బుతో పాటు ఇంకోటి కూడా కదులుతుంది. మాట. లండన్‌లో 1599లో షేక్‌స్పియర్ వాళ్ళ గ్లోబ్ నాటకశాల థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున లేచింది. ఎందుకంటే, నగర పెద్దలకి నాటకాలంటే గిట్టదు, వాళ్ళ అధికారం అటువైపు పూర్తిగా సాగదు. హైదరాబాద్‌లో అలాంటి చోటు రెసిడెన్సీ బజార్లు.

నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా సంఘం పెట్టాలన్నా అనుమతుల గొడవ. చదువు, కచేరీ అంతా ఉర్దూ. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ, తెలుగుకి చోటు తక్కువ. ఆర్యసమాజం 1892లో సుల్తాన్ బజార్‌లో మొదలైంది. 1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజార్లలోనే రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. దాని వెనక ఉన్నవాళ్ళలో కొమర్రాజు లక్ష్మణరావు గారు ఒకరు. ఆయనది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు ఇంకొకరు. హైదరాబాద్ తెలుగువాళ్ళకి ఆ లైబ్రరీ ఎంత అంటే, పత్రిక చదువుకోడానికీ, నలుగురూ కలిసి మాట్లాడుకోడానికీ అదే చోటు.

దీన్ని బట్టి ఉత్తరపు ఒడ్డు మంచిది, దక్షిణపు ఒడ్డు వెనకబడింది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1921 నవంబరులో ఇదే సుల్తాన్ బజార్ దగ్గర, వివేకవర్ధని థియేటర్‌లో, సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మొదలుపెట్టగానే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానంతోనే ఆ రాత్రి కొందరు తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. తర్వాతి ఆంధ్ర మహాసభకి అదే మూలం. చూశారా, స్వేచ్ఛ ఉన్న ఒడ్డున కూడా తెలుగువాడికి మర్యాద దొరకలేదు. ఒడ్డుని బట్టి మనిషిని కొలిస్తే ఇలాంటివన్నీ కంటికి ఆనవు.

నది లేచిన రోజు

1908 సెప్టెంబరు 28. పైన వానలు ఆగకుండా కురిశాయి. మూసీ పరివాహకంలో ఉన్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింద చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. అలా అన్నీ కలిసి తెల్లవారుజామున ఊరి మీదకి వచ్చాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని లెక్క. వేల ఇళ్ళు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. మూడు వందల ఏళ్ళ నాటి పురానాపూల్ మాత్రం నిలబడింది.

వరద ఒడ్డు చూడలేదు. ఉత్తరాన కోల్సావాడి లాంటి పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉండేది. దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అటు వెళ్తే ఐదు నిమిషాలు ఆగి చూడండి.

తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన చెప్పిన మందు సూటిగా ఉంటుంది. నీళ్ళని ఊళ్ళో ఆపలేం, ఊరికి పైనే ఆపాలి. అందుకే మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒడ్డుల వెంబడి కరకట్టలు లేచాయి. 1912లో నగరాన్ని బాగుచేయడానికి ఒక బోర్డు పెట్టారు. నది మీద నిలబడితే ఆ పనంతా ఇప్పటికీ కనపడుతుంది. దక్షిణాన హైకోర్టు, సిటీ కాలేజీ. ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి, స్టేట్ లైబ్రరీ. రెండు ఒడ్డులనీ ఎదురెదురుగా అద్దంలో చూసుకునేలా కట్టారు. హైదరాబాద్ చరిత్రలో నదిని రెండు ఒడ్డుల మధ్య ముందువాకిలిలా చూసిన కాలం అదొక్కటే అని నాకనిపిస్తుంది.

రాజు కూడా నది దాటాడు

కానీ అద్దం ఒక పక్కే బరువెక్కింది. వరద, ఆ వెంటనే ప్లేగు. ఇరుకు సందుల్లో ఉండటానికి డబ్బున్నవాళ్ళకి భయం పట్టుకుంది. అప్పటికే రైలు ఉత్తరానికే వచ్చింది. 1874లో సికింద్రాబాద్, 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ. మన బెజవాడని 1889లో కలిపిన నిజాం రైలు కూడా సికింద్రాబాద్ నుంచి వచ్చిందే. రైలు ఎక్కడ ఆగితే హోటళ్ళు, గోదాములు, ఆఫీసులు అక్కడే.

1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చౌమహల్లాలో కాకుండా కింగ్ కోఠీలో ఉన్నాడు. అది ఉత్తరపు ఒడ్డు. 1967లో అక్కడే పోయాడు. రాజే దాటాక సర్దారులు ఉంటారా? ఒక్కొక్కరే సోమాజిగూడ, బంజారాహిల్స్ వైపు జరిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉత్తరానే. 1933లో రెసిడెన్సీ బజార్లని నిజాం సర్కారుకి తిరిగి ఇచ్చేశారు. అంటే రెండు చట్టాల గొడవ కాగితం మీద తీరిపోయింది. కానీ నూట ముప్పై ఏళ్ళ అలవాటు కాగితంతో పోదు కదా. డబ్బు అప్పటికే ఇల్లు కట్టేసుకుంది.

ఇక అసలు దెబ్బ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, నిజాం రాజ్యం ముగిసింది. 1949లో జాగీర్లు రద్దు. పల్లె రైతుకి అది న్యాయం, అందులో సందేహం లేదు. కానీ నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇప్పుడు కలపండి. జాగీరు పోతే దేవిడీకి శిస్తు రాదు. శిస్తు రాకపోతే కాపలావాడికి జీతం లేదు, జరీ పనివాడికి పని లేదు, గుర్రాలవాడికి గుర్రం లేదు. నిజాం సైన్యంలో, కచేరీల్లో ఉన్న వేలమంది ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. ఉన్నవాళ్ళు కొందరు పాకిస్తాన్ పోయారు, తర్వాత తరం గల్ఫ్ పోయింది. 1956 తర్వాత పాలనలో ఉర్దూ పక్కకి జరిగి ఇంగ్లిష్, తెలుగు వచ్చాయి. నిన్నటిదాకా ఉద్యోగం ఇచ్చిన చదువే ఇవాళ ఉద్యోగానికి పనికిరాకుండా పోయింది. 1978 నుంచి 1990 దాకా మత ఘర్షణలు, కర్ఫ్యూలు. భయంతో ఇళ్ళు మారినవాళ్ళు రెండు మతాల్లోనూ ఉన్నారు.

ఇదే కాలంలో మన కోస్తా నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కడ దిగారు? సచివాలయం సైఫాబాద్‌లో, అసెంబ్లీ నాంపల్లి పక్కన. కాబట్టి ఎక్కువమంది ఉత్తరానే దిగారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, ఊరు ఇంకా పడమరకి లాగింది. అంటే "అటు వేరే" అని మనం అంటున్న తేడాని పెంచినవాళ్ళలో మన అద్దెలు, మన ప్లాట్లు, మన కాలేజీ ఫీజులు కూడా ఉన్నాయి.

మ్యాప్ మళ్ళీ చూడండి

ఇప్పుడు ఒక పరీక్ష. మ్యాప్‌లో దిల్‌సుఖ్‌నగర్ వెతకండి. మన జిల్లాల పిల్లలు హాస్టళ్ళలో కిక్కిరిసి ఉండే చోటు. అది మూసీకి ఏ వైపు ఉంది? దక్షిణాన. చార్మినార్ ఉన్న ఒడ్డునే. మలక్‌పేట, సైదాబాద్, ఎల్బీనగర్ అన్నీ అటే. మరి "నది అవతల రూమ్ తీసుకోకు" అన్నవాడే దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్ చూపిస్తాడు. అలాగే కార్వాన్, ధూల్‌పేట, జియాగూడ ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి, అక్కడి పేదరికం పాతబస్తీకి ఏం తీసిపోదు. నీళ్ళే మనుషుల గుణాన్ని నిర్ణయిస్తే ఇలా ఎందుకుంటుంది?

కాబట్టి నాకు అర్థమైంది ఇది. తేడా గోడ వల్ల, చట్టం వల్ల, రైలు వల్ల, జీతం వల్ల వచ్చింది. ఎవరో ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చింది. నది దానికి గుర్తు మాత్రమే.

నిర్ణయాలు ఇప్పుడూ జరుగుతున్నాయి. మెట్రోలో జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఒక లైన్ వేయాలి. 2020 ఫిబ్రవరిలో అది ఎంజీబీఎస్ దాకా తెరిచారు. ఎంజీబీఎస్ ఎక్కడుంది? సరిగ్గా మూసీ అంచున. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లకి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. చార్మినార్ వైపు పిల్లవాడు హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్ళాలంటే ముందు బస్సో ఆటోనో పట్టుకుని నది దాటాలి, తర్వాత రైలెక్కాలి. రోజూ పోయే ఆ గంటని "వాళ్ళకి ఆసక్తి తక్కువ" అని మనం చదువుకుంటున్నాం. హైకోర్టుకి కూడా రాజేంద్రనగర్‌లో కొత్త భవనం కట్టాలని 2024లోనే పునాది రాయి వేశారు. వంద ఏళ్ళుగా ఒడ్డున ఉన్న ఒక పెద్ద సంస్థ కూడా కదలబోతోంది. కోర్టు అంటే జడ్జీలు, లాయర్లు మాత్రమే అనుకోకండి. జిరాక్స్ షాపులు, టీ కొట్లు, టైపు చేసేవాళ్ళు, ఆటోలు. దేవిడీ కథే, చిన్న సైజులో.

మూసీని బాగుచేసే పని కూడా మొదలైంది. నది బాగుపడాలి, ఆ మురుగు వాసన పీల్చినవాళ్ళెవరూ కాదనరు. 2024లో నది గర్భంలో ఉన్న ఇళ్ళకి గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకి పంపారు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న పాతదే. నది ఒడ్డున పార్కులు, రోడ్లు వచ్చినప్పుడు రెండు ఒడ్డులకీ సమానంగా వస్తాయా? ఇళ్ళు వదిలినవాళ్ళ పని, పిల్లల బడి వాళ్ళతో పాటు వెళ్తాయా? 1912లో బోర్డు పెట్టినవాళ్ళు ఆసుపత్రి ఒక ఒడ్డున, కోర్టు ఒక ఒడ్డున పెట్టారు. ఆ పాటి లెక్క ఇప్పుడూ వేయొచ్చు.

ఇక మన సంగతి. హైదరాబాద్ వెళ్ళబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒకటే చెప్తాను. రూమ్ ఎక్కడ తీసుకుంటారో మీ ఇష్టం. ఆఫీసు దూరం, అద్దె, నీళ్ళు, భద్రత అన్నీ చూసుకునే తీసుకోండి. కానీ ఆఫీసులో పక్క సీటులో కూర్చున్న కుర్రాడు యాకుత్‌పురా నుంచి వస్తున్నానన్నప్పుడు, ఆ పేరు వినగానే మీ మొహంలో ఏదైనా మారితే, అది మీ సొంత అభిప్రాయం కాదని గుర్తుపెట్టుకోండి. రెండు వందల ఏళ్ళ కిందట ఒక సాహుకారు తన కొట్టు ఎక్కడ పెట్టాలా అని వేసుకున్న లెక్క అది. అది మీ దాకా వచ్చింది, మీ దగ్గర ఆపేయొచ్చు.

మీ ఊళ్ళో కూడా "కాలవ అవతల", "పట్టాల అవతల", "రోడ్డు కింద" అనే మాటలు ఉంటాయి. మన తెనాలిలో ఉన్నాయి, బాపట్లలో ఉన్నాయి, రేపల్లెలో ఉన్నాయి. ఆ మాట ఎప్పుడు మొదలైందో ఇంట్లో తాతయ్యనో నానమ్మనో అడగండి. కాలవ ముందొచ్చిందా, మాట ముందొచ్చిందా? బడి ఏ వైపు కట్టారు, మంచినీళ్ళ ట్యాంకు ఏ వైపు కట్టారు? జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.